ఎర్రగీతను మింగిన బాణం

సోమవారం ఉదయం పదకొండింటికి కామాలమ్మ ఆఫీసు మెట్లెక్కుతుండగానే పైనుంచి మేనేజరు గొంతు వినపడింది. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. కోపం వచ్చినకొద్దీ ఇంకా నెమ్మదిగా మాట్లాడతాడు. అలాంటివాడు మెట్ల దాకా వినపడేట్టు అరుస్తున్నాడంటే కొంప మునిగిందన్నమాటే.

కామాలమ్మ అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా బతికి లేదు. ఎవరు వదిలేసిన కామా అయినా ఆమె కంటికి చిక్కి తీరాలి గనక, చేరిన ఏడాదే ఆ పేరు అతుక్కుంది. మందు పెట్టె విప్పితే సీసా పక్కన మడతలు మడతలుగా ఒక పల్చటి కాగితం ఉంటుంది చూడండి, మనం చదవకుండా పారేస్తామే, అది. దాని మీది మాటలు దిద్ది అచ్చుకు పంపే ఆఫీసు అది. ఒక గొడుగుల దుకాణం మేడమీద రెండు గదులు, నాలుగు బల్లలు. పారేసే కాగితమే కదా అని అక్కడ ఎవరూ అనరు. అనకూడదు కూడా.

ఆ రోజు మేనేజరు చేతిలో ఉన్నది పిల్లల జ్వరం మందు కాగితం. ఎదురుగా పెద్దక్క కూర్చుని ఉంది, ఒళ్లో సంచీతో. ఇరవై రెండేళ్లుగా ఆ ఆఫీసులో మొదటి బల్ల ఆవిడది. మేనేజరు కంటే ముందు చేరింది. ఆయన కూడా ఆవిణ్ణి పెద్దక్కగారూ అనే పిలుస్తాడు. ఆ రోజు మాత్రం ఏ పిలుపూ లేదు.

సంగతి ఇదీ. మందు తయారుచేసే కంపెనీవాళ్లు ఆ సిరప్పు ఘాటు రెట్టింపు చేశారు. ఇదివరకు రోజుకు నాలుగుసార్లు పట్టేది ఇకమీదట రెండుసార్లే పట్టాలని వాళ్ల డాక్టరు సవరణ రాసి పంపాడు. అచ్చయి వచ్చిన కాగితంలో నాలుగు నాలుగుగానే ఉంది. ఎక్కడో ఒక మందుల షాపు ఆవిడ, అందరూ పారేసే ఆ కాగితాన్ని చదివే అలవాటున్న మహాతల్లి, అనుమానం వచ్చి కంపెనీకి ఫోన్ చేసింది. గోడౌనులో ఉన్న సరుకు ఆపేశారు. కానీ రెండు అట్టపెట్టెలు అప్పటికే దుకాణాలకు వెళ్లిపోయాయి. ఏ సీసా ఏ ఇంటికి చేరిందో, ఏ తల్లి చెంచా పట్టుకుని నాలుగుసార్లు లెక్కపెడుతోందో ఎవరికీ తెలియదు. కంపెనీ మనుషులు షాపు షాపుకూ తిరుగుతున్నారు.

“సవరణ ఎక్కించానండి,” అంది పెద్దక్క.

“ఎక్కిస్తే ఎర్రగీత ఏది?” అన్నాడు మేనేజరు. “నేను చూసినప్పుడు ఆ ఫైల్లో ఒక్క గీత కూడా లేదు.”

ఆ ఆఫీసులో ఏ మాటయినా మూడు చేతులు దాటాలి. మొదటి చెయ్యి పెద్దక్కది. డాక్టరు పంపిన సవరణలు ఫైల్లోకి ఎక్కించేది ఆవిడే. తీసేసిన మాట చెరిపేయదు, దాని మీద ఎర్రగీత పడుతుంది. కొత్త మాట పక్కన నీలంగా నిలబడుతుంది. రెండో చెయ్యి మేనేజరుది. ఆయన గీతలన్నీ చూసి, సరేననుకుంటే ఒక్క నొక్కుతో పాత మాటలు మాయంచేసి, శుభ్రమైన ఫైలును కామాలమ్మకు వదులుతాడు. మూడో చెయ్యి ఆమెది. డాక్టరు చీటీలతో ఆమెకు పనిలేదు. సోమవారాలు తప్ప ఇంట్లోనే కూర్చుని భాష చూసి, కామాలు పెట్టి, అచ్చుకు పంపేస్తుంది. ఫైలు ఒక్కటే, పేరు ఒక్కటే. ఎవరు సేవ్ చేసినా వెనకటిది పోతుంది.

అందుకే నేరం పోయిపోయి పెద్దక్క నెత్తిన పడింది. గీత లేదంటే సవరణ ఎక్కలేదు. సవరణ ఎక్కలేదంటే మొదటి చెయ్యిదే తప్పు. ఇంతకంటే సూటి లెక్క ఉండదు. ఇక రానక్కర్లేదన్నాడు మేనేజరు.

పెద్దక్క “ఎక్కించాను” అని మూడోసారి కూడా అంది. అది మొదటిసారి అన్నట్టు లేదు, తనను తాను అడుగుతున్నట్టు ఉంది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా సంచీలో వేసుకుని లేచింది. బల్ల మీద సామాను ఒక్కటీ తీసుకోలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగుతుంటే చెప్పుల చప్పుడు కింద గొడుగుల దుకాణం దాకా వినపడింది.

తర్వాత మేనేజరు కామాలమ్మ వైపు తిరిగి, బుధవారం నుంచి మొదటి బల్ల నువ్వే చూడాలమ్మా అన్నాడు.

ఆరేళ్లుగా ఆమె కోరుకున్న బల్ల అది. ఆ మాట వినగానే కడుపులో ఒక సంతోషం గబుక్కున లేచింది. లేచినందుకు వెంటనే సిగ్గేసింది. కానీ లేచిందన్నది మాత్రం నిజం.

*

మంగళవారం పెద్దక్క సామాను ఇచ్చి రావడానికి ఆమే వెళ్లింది. ఒక భూతద్దం, నాలుగు ఎర్ర పెన్సిళ్లు, అట్ట ఊడిన నిఘంటువు, టీ మరకల కప్పు. ఇరవై రెండేళ్లకు ఇంతే పోగయింది.

మూడో అంతస్తులో ఒంటిగది ఇల్లు. తలుపు తీసే ఉంది. పెద్దక్క కిటికీ దగ్గర నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, గోడకు అంటించిన వార్తాపత్రిక చదువుతోంది. తర్వాత రెండో కన్ను మూసుకుంది. కామాలమ్మను చూసి ఏమీ దాచుకోలేదు. కుడికన్ను కొంచెం మసకగా ఉన్నట్టుంది, రేపు కళ్లాసుపత్రికి వెళుతున్నానని చెప్పింది. కూర్చోమంది. కాఫీ పెట్టింది. చక్కెర వేసిందో లేదో గుర్తులేదని చెంచాతో ఒకసారి, గ్లాసుతో ఒకసారి రుచి చూసింది. మామూలుగా ఎవరైనా చేసే పనే అది. కానీ ఆ రోజు ఆవిడ మొహంలో కంగారు కనిపించింది.

“నాకు కనపడుతూనే ఉంది తల్లీ,” అంది పెద్దక్క. “నాలుగు మీద గీత పడింది. పక్కన రెండు వచ్చింది. నాలుగు, రెండు, పక్కపక్కనే. ఇంత స్పష్టంగా కనపడేది జరగలేదంటే, ఇంకెన్ని జరగలేదో? పోయిన నెల గుండెమందు చూశాను. దానికి ముందు కాన్పుల వార్డుది చూశాను. అవన్నీ సరిగానే చూశానంటావా?”

కామాలమ్మ గ్లాసు కింద పెట్టింది. నాలుగు, రెండు, పక్కపక్కనే. ఆ రెండు మాటలను అలా పక్కపక్కన తను కూడా చూసింది. ఎప్పుడో కాదు, పోయిన వారమే. ‘రోజుకు నాలుగు రెండు సార్లు.’ ఎర్రగా లేదు, నీలంగా లేదు. మామూలు నల్ల అక్షరాల్లో ఉంది. టైపు చేసినవాళ్ల పొరపాటు అనుకుంది. అనుమానం వస్తే పాత అచ్చు చూడాలన్నది దిద్దేవాళ్ల మొదటి నియమం. పాత కాగితం తీసి చూసింది. నాలుగని ఉంది. ‘రెండు’ కొట్టేసింది. పనిమంతురాలినని తనను తాను మెచ్చుకుని మరీ కొట్టేసింది.

పెద్దక్క ఇంకేదో అంటోంది. పెన్సిళ్లు నువ్వే ఉంచుకో, నాకెందుకింక అని సంచీలోంచి తీసి చేతిలో పెట్టింది. ఇది చెప్పాల్సిన క్షణమని కామాలమ్మకు తెలుస్తూనే ఉంది. అయినా ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను అంటూ లేచింది. పాలూ లేవు, పొయ్యీ లేదు. మెట్ల దగ్గర కాలు జారి రెయిలింగు పట్టుకుంది.

*

ఆమె ఇంటి కంప్యూటరు హాల్లో ఒక మూల ఉంటుంది. పగలు ఆమె పనికి, మధ్యాహ్నం అత్తగారి పేకాటకు. అత్తగారికి కంప్యూటరుతో పేకాడితే గెలిచేదాకా లేవడం ఉండదు. గెలిస్తే అసలే లేవదు.

ఆ పూట అత్తగారు కునుకు తీస్తోంది. కామాలమ్మ కుర్చీ లాక్కుని తెర కింద కుడివైపు మూల చూసింది. గడియారం పక్కన ఒక చిన్న పచ్చబాణం.

ఆ బాణం కథ చిన్నదే. ఆఫీసువాళ్లు ఇచ్చిన కొత్త ప్రోగ్రాము ఈ ముసలి కంప్యూటర్లో తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోగా నాలుగు చపాతీలు కాల్చుకోవచ్చు. కంప్యూటరుతో వచ్చిన పాత ప్రోగ్రామయితే కన్నుమూసి తెరిచేలోగా తెరుచుకుంటుంది. కానీ ప్రతి పది రోజులకూ కంప్యూటరు తనంతట తాను ఏవో మార్పులు చేసుకుని, ఏ ఫైలు నొక్కినా కొత్తదాంట్లోకే తోసేది. విసిగిపోయి మొన్న వేసవిలో రిపేరు షాపతనికి చెబితే, అతను ఈ చిన్న ప్రోగ్రాము పెట్టాడు. ఏ ఫైలు నొక్కినా దాన్ని మధ్యలో పట్టుకుని మనం కోరిన ప్రోగ్రాములోకి దారి మళ్లించడమే దాని పని. కంప్యూటరు ఎన్ని మార్పులు చేసుకున్నా అది లొంగదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసు ఇచ్చిన ప్రోగ్రాము తప్ప వేరేది వాడనని సంతకం పెట్టిన కాగితం ఒకటుంది. అది గుర్తొచ్చినా, శుభ్రమైన ఫైళ్లే కదా, ఎందులో చదివితే ఏమిటనుకుంది.

దింపుకున్న ఫైళ్లలో వెతికింది. జ్వరం మందు ఫైలు రెండుసార్లు ఉంది. అదీ ఆమె అలవాటే. దిగడం ఆలస్యమైతే ఓపిక లేక ఇంకోసారి నొక్కుతుంది. ఒకటి ఆమె దిద్ది సేవ్ చేసింది. రెండోది, పేరు చివర ఒకటి అంకె ఉన్నది, ఎవరూ ముట్టుకోనిది.

దాన్ని మామూలుగా నొక్కలేదు. కుడివైపు నొక్కి, జాబితాలోంచి కొత్త ప్రోగ్రామును ఎంచుకుంది. నాలుగు నిమిషాలు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తెరుచుకుంది. మూడో పేరాలో ‘నాలుగు’ మీద ఎర్రగీత. పక్కన నీలంగా ‘రెండు’. పక్కన చిన్న అక్షరాల్లో పెద్దక్క గుర్తు, తేదీ, సమయం.

అదే ఫైలుకు ఇంకో నకలు తీసి పాతదాంట్లో తెరిచి చూసింది. గీత లేదు, రంగు లేదు. రెండు మాటలూ నల్లగా, పక్కపక్కనే. సేవ్ నొక్కి, ఆ నకలునే కొత్తదాంట్లో తెరిచింది. మరో నాలుగు నిమిషాలు. ఇప్పుడు అక్కడా గీత లేదు. పాత ప్రోగ్రాముకు గీతలు అర్థం కావు. కనపడనిదాన్ని అది ఉంచదు.

పెద్దక్క చేతిని నరికింది తన చెయ్యే. అయితే, ఆమెకు ఇంకో సంగతి తట్టింది. అది ఇంకా భయపెట్టింది. ఈ ఫైలు తన దగ్గరకు వచ్చింది మేనేజరు చేతి మీదుగా. అప్పటికి గీత ఉంది. ఇదిగో, కళ్ల ముందే ఉంది. మరి ఆయన ఒక్క గీత కూడా లేదని ఎలా అన్నాడు? చూడకుండా వదిలేసి, తప్పించుకోవడానికి అబద్ధమాడాడన్నమాట. ఇరవై రెండేళ్ల మనిషిని కళ్లెదుట కూర్చోబెట్టుకుని అబద్ధమాడినవాడు, తనలాంటిదాన్ని ఏం చేస్తాడు?

సాయంత్రం మొగుడు వచ్చాక చెప్పింది. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతులకు అంటిన గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ అంతా విన్నాడు.

“లిఫ్టు ఆగితే ఎందుకాగిందని ఎవరూ అడగరు,” అన్నాడు. “చివర ఎవడు ముట్టుకున్నాడని అడుగుతారు. చివర ముట్టుకున్నది నువ్వు. గమ్మున ఉండు.”

అతను చెడ్డవాడేం కాదు. తోటి పనివాడొకడు నిజం ఒప్పుకుని పని పోగొట్టుకోవడం చూసినవాడు. కామాలమ్మకు ఆ మాట హాయిగా ఉంది. చెప్పొద్దని ఎవరో ఒకరు చెబితే బాగుండునని మధ్యాహ్నం నుంచీ ఎదురుచూస్తోంది మరి.

*

బుధవారం ఇంటినుంచే మొదటి బల్ల పని మొదలైంది. నిద్రమాత్రల కాగితం. డాక్టరు చీటీ పక్కన పెట్టుకుని, బాణం ఆపేసి, కొత్తదాంట్లోనే తెరిచి ఒక్కో సవరణా ఎక్కించింది. ఎక్కించిన ప్రతిసారీ గీత పడిందో లేదో మూడుసార్లు చూసుకుంది. ఒక పేజీకి గంటన్నర పట్టింది.

పదకొండింటికి ఆఫీసునుంచి కబురు. సీసాలు దాదాపు అన్నీ దొరికాయి. ఒక ఇంట్లో మూడేళ్ల పాప రెండు రోజులు మత్తుగా పడి ఉందట. ఆసుపత్రిలో చూపించారు. ఇప్పుడు లేచి కూర్చుంది, ప్రమాదం లేదన్నారు. ప్రమాదం లేదన్న మాట విన్నాక కామాలమ్మ స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది.

మధ్యాహ్నం పెద్దక్క ఫోన్ చేసింది. గొంతు తేలిగ్గా ఉంది. ఎక్కువ తేలిగ్గా ఉంది.

“కళ్లు చూపించుకున్నాను. చీమ కాళ్లు లెక్కపెట్టగలరన్నాడు డాక్టరు. పొర లేదు, మసక లేదు. ఒక్క లోపం లేదట.”

“మంచిదే కదక్కా.”

“ఏం మంచి? కళ్లు బాగున్నాయంటే, లేని గీతను చూసింది బుర్రన్నమాట. మా అమ్మకు ఇలాగే మొదలైంది. పొయ్యి ఆపానంటే ఆపలేదనేవాళ్లం. నేను గ్యాసు సిలిండరు కింది ఇంటివాళ్లకు ఇచ్చేశాను తల్లీ. ఎందుకైనా మంచిదని.”

ఫోను పెట్టేశాక కామాలమ్మ తెర ముందు అలాగే ఉండిపోయింది. ఇంతలో అత్తగారు పేకాటకు టైమయిందని వచ్చి నిలబడింది. నిన్న కొడుకుతో జరిగిన మాటలన్నీ ఆవిడ విన్నదే. వినపడనట్టు ఉండటం ఆవిడకు బాగా వచ్చిన విద్య. ఏమైందని అడిగింది. సిలిండరు సంగతి చెప్పింది కామాలమ్మ.

“మగాడు చెప్పాడని ఊరుకున్నావు. బాగానే ఉంది,” అంది అత్తగారు. “ఆవిడ బుర్ర బాగానే ఉందని ఆవిడకు చెప్పడానికి నీకెన్నాళ్లు కావాలి? ఆవిడ నమ్మకం మొత్తం పోయేదాకానా?”

“నా పని పోతుంది అత్తయ్యా.”

“పోతుంది. అడుసు తొక్కావు, కాలు కడుక్కోవాలి కదా. పక్కవాళ్ల కాలు కడిగితే నీది శుభ్రమవుతుందా?” అని, లేవమన్నట్టు కుర్చీ వీపు మీద తట్టింది. ఆ రోజు అత్తగారు ఒక్క ఆట కూడా గెలవలేదు. ముక్కలు చూడకుండా ఆడింది.

కామాలమ్మ గీత ఉన్న ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుంది. నకలు తియ్యలేదు, ఫైలునే అందులోకి మార్చేసింది. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఎవరో నొక్కుతారు, మళ్లీ ఆ పాత ప్రోగ్రాము గీతను తినేస్తుందని భయం. జాగ్రత్త ఎక్కువైనా ప్రమాదమే అని అప్పటికి ఆమెకు తట్టలేదు.

*

గురువారం పొద్దున ఎనిమిదింటికి మేనేజరు ఇంటికే వెళ్లింది. ఆఫీసుకు బయల్దేరేముందు ఆయన ఇంట్లోనే ఫైళ్లన్నీ చూసేస్తాడని అందరికీ తెలుసు. ఆఫీసులో నలుగురి ముందు ఆయన అబద్ధాన్ని బయటపెట్టే ధైర్యం ఆమెకు లేదు. ఇంట్లో మాత్రం ఉందా అంటే, అదీ లేదు. కాళ్లు నడిచాయి, ఆమె వాటివెంట వెళ్లింది.

కాలేజీకి తయారవుతున్న కూతురు తలుపు తీసింది. మేనేజరు భోజనాల బల్ల చివర కంప్యూటరు ముందు ఉన్నాడు. కామాలమ్మ నిలబడే చెప్పింది. రెండు కొట్టేసింది తనేనని, వేరే ప్రోగ్రాము వాడానని, పెద్దక్క సవరణ ఎక్కించిందని, రుజువు తెచ్చానని. బాణం పేరెత్తబోయి ఆగిపోయింది. రుజువు ముందు కళ్లతో చూడనీ అనుకుంది.

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. “నేను చూసినప్పుడు గీత లేదమ్మా. దేవుడి మీద ఒట్టు,” అన్నాడు నెమ్మదిగా. పెన్‌డ్రైవు తీసుకుని పెట్టాడు. ఫైలు మీద రెండుసార్లు నొక్కాడు.

కన్నుమూసి తెరిచేలోగా తెరుచుకుంది.

అంత త్వరగా తెరుచుకోకూడదు. కామాలమ్మకు అది ముందు వేళ్లకు తెలిసింది, తర్వాత బుర్రకు. మూడో పేరా. ‘రోజుకు నాలుగు రెండు సార్లు.’ నల్లగా, శుభ్రంగా ఉంది.

“ఏదమ్మా గీత?” అన్నాడు. అక్షరాలు సరిగా ఆనక కాబోలు, పేరా మొత్తం పట్టుకుని అక్షరాలు పెద్దవి చేశాడు. “చూడు. ఏదీ?”

ఆమె తెర కింద కుడివైపు మూలకు చూసింది. గడియారం పక్కన పచ్చబాణం.

ఈయన అబద్ధమాడలేదు. నిజంగానే ఈయనకు ఏ గీతా కనపడలేదు.

ఈలోగా ఆయన విసుగ్గా ఫైలు మూయబోయాడు. మార్పులు సేవ్ చేయమంటారా అని తెర మధ్య పెట్టె లేచింది. అక్షరాలు పెద్దవి చేశాడు గనక అడుగుతోంది. ఆయన అలవాటుగా మౌసును ‘అవును’ వైపు జరిపాడు. అది నొక్కితే ఈ లోకంలో ఆ గీత ఇంకెక్కడా ఉండదు.

ఆరేళ్లలో ఆమె ఆయన చేతికి ఒక కాగితం కూడా నేరుగా ఇచ్చి ఎరగదు, బల్ల మీద పెట్టేది. ఇప్పుడు ఆ చేతి మీద చెయ్యి వేసి, మౌసుతో సహా గట్టిగా నొక్కి పట్టింది.

“నొక్కకండి సార్. వద్దనండి.”

ఆయన బిత్తరపోయి చూశాడు. కూతురు జడ అల్లుకుంటూ గుమ్మంలో ఆగిపోయింది. కామాలమ్మ ఆయన వేలు కింద తన వేలు దూర్చి తనే ‘వద్దు’ నొక్కింది. ఫైలు మూసుకుంది. తర్వాత కుడివైపు నొక్కి, జాబితాలోంచి కొత్త ప్రోగ్రాము ఎంచుకుంది. చెయ్యి తీసేసింది.

ఆ కంప్యూటరు కూడా ముసలిదే. వంటింట్లో కుక్కరు మూడుసార్లు కూసింది.

తెరుచుకుంది. ‘నాలుగు’ మీద ఎర్రగీత. నీలంగా ‘రెండు’. పెద్దక్క గుర్తు.

మేనేజరు ముందుకు వంగి చాలాసేపు చూశాడు. ఆ మూలనున్న బాణం ఏమిటి సార్ అని కామాలమ్మ అడిగింది. ఆయనకు తెలియదు. కూతురికి తెలుసు.

“అదా ఆంటీ, పోయిన నెల నేనే పెట్టాను. ఫైలు తెరుచుకోవడం లేదని నాన్న రోజూ పొద్దున్నే కంప్యూటర్ని తిడుతుంటే వినలేక,” అని, తండ్రి మొహం చూసి, “ఏమైంది నాన్నా?” అంది.

ఆయన కామాలమ్మ వైపు తిరిగాడు. పోయిన నెలనుంచి ఏ ఫైల్లోనూ గీతలు లేవని, పెద్దక్కకు సవరణలు తగ్గాయేమోనని అనుకున్నానని కామాలమ్మతో అన్నాడు. మరి నాలుగు రెండు అని పక్కపక్కన ఉంటే మీకు కనపడలేదా అని ఆమె అడగలేదు. గీతల కోసం చూశాడు తప్ప, మాటలు చదవలేదు. గీతలు లేవు గనక ఏదీ నొక్కకుండా, సేవ్ కూడా చేయకుండా అలాగే వదిలాడు, అందుకే అసలు గీత బతికిపోయింది. అది ఆయనకూ తెలిసిందని మొహంలోనే ఉంది. గీతలు మాయమైన మిగతా ఫైళ్లు ఎన్నున్నాయోనన్న ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఆ వారమే అన్నీ వెనక్కి రప్పించి చదవాలన్నాడు.

తర్వాత తెల్లకాగితం తీసి కంపెనీకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. పెద్ద సంగతులు ఆయన చేత్తోనే రాస్తాడు. రాసి, అలవాటుగా, చూడమ్మా అని ఆమెవైపు జరిపాడు.

మొదటి పరిశీలకురాలు సవరణను సరిగ్గానే ఎక్కించారు. ఆమెపై తీసుకున్న చర్యను వెనక్కి తీసుకుంటున్నాము. మూడవ పరిశీలకురాలు అనుమతి లేని ప్రోగ్రాము వాడినందువల్ల సవరణ చెరిగిపోయింది. మీ నిర్ణయం వచ్చేవరకు ఆమెకు ఫైళ్లు పంపబోము.

కామాలమ్మ రెండుసార్లు చదివింది. తన గురించి రాసిన మాట మీద ఒక్క క్షణం ఆగింది. నిజమే, అందులో దిద్దాల్సింది లేదు. సంచీలోంచి పెద్దక్క ఇచ్చిన ఎర్ర పెన్సిలు తీసింది. మొదటి చేతికీ మూడో చేతికీ మధ్య, వాక్యాల నడుమ, ఏదైనా వదిలేసినచోట దిద్దేవాళ్లు పెట్టే గుర్తు పెట్టింది. కాగితం ఆయన ముందుకు తిప్పింది.

“ఇక్కడ ఒక చెయ్యి తప్పిపోయింది సార్.”

ఆయన ఆ గుర్తువైపు చూశాడు. కూతురు అక్కడే ఉంది, తండ్రివైపే చూస్తోంది. ఆయన అటు చూడలేదు. ఇంటి కంప్యూటరు సంగతి కంపెనీకి అక్కర్లేదేమోనమ్మా అని నెమ్మదిగా అన్నాడు. కామాలమ్మ పెన్సిలు ఆయన పెన్ను పక్కన పెట్టి నిలబడింది. పని ఎలాగూ పోతోంది. పోయేముందు సగం దిద్దిన కాగితం మీద సంతకం పెట్టడం ఆమెకు చేతకాదు.

కుక్కరు ఇంకోసారి కూసింది. ఆయన పెన్ను తీసుకుని పైన సందులో చిన్న అక్షరాలతో రాశాడు. రెండవ పరిశీలకుడినైన నేను కూడా అటువంటి ప్రోగ్రామునే వాడుతూ, ఫైలును చదవకుండానే వదిలాను. మధ్యలో ఒక కామా వదిలేశాడు. ఆమె చూసి పెట్టింది.

గుమ్మం బయటికి వచ్చాకే పెద్దక్కకు ఫోన్ చేసింది. ముందు చెప్పాల్సింది ముందు చెప్పింది. రెండు కొట్టేసింది నేనే అక్కా, మంగళవారం నుంచీ తెలుసు, చెప్పలేకపోయాను. గీత ఉందక్కా, మీరు ఎక్కించారు, నేనూ చూశాను, మేనేజరుగారూ చూశారు అంది. పెద్దక్క ఫోను పెట్టేసిందేమో అనుకుని చెవి దగ్గరనుంచి తీసి చూసింది. లేదు, లైన్లోనే ఉంది.

“గీత దేని మీద ఉంది?” అంది పెద్దక్క చివరికి. “నాలుగు మీదా, నాలుగు సార్లు మీదా?”

“నాలుగు మీదేనక్కా. సార్లు మీద లేదు.”

“అదీ,” అంది పెద్దక్క. “నేను అలాగే గీస్తాను.” ఆ తర్వాత, సిలిండరు పైకి మొయ్యడానికి మీ ఆయన్ని ఒకసారి పంపగలవా అని అడిగింది.